దుడుకుతనాన్ని తూచే తక్కెడ ఉందా?



ప్రశ్న పూర్తికాకముందే "నేను చెప్తా సార్!" అంటూ లేచేవాళ్ళు ప్రతి తరగతిలోనూ ఉంటారు. చాలా ఏళ్ళ క్రితం అలాంటి వాడొకడి ప్రోగ్రెస్ కార్డులో "నిలకడ లేదు" అని రాశాను. వాళ్ళ నాన్న వచ్చి, "డాక్టరుకు చూపించాలా మాస్టారూ?" అని అడిగాడు. నేను తెల్లబోయాను. ఏ కొలబద్దతో కొలిచి అలా రాశాను?

దుడుకుతనాన్ని కొలిచే పరీక్షలు లేకపోలేదు. అవి ముఖ్యంగా రెండు రకాలు. మొదటి రకం ప్రశ్నావళి. 1995లో సవరించిన బారాట్ ప్రశ్నావళిలో 30 వాక్యాలున్నాయి. ఒక్కొక్కటి మనకెంత వర్తిస్తుందో 1 నుంచి 4 వరకు అంకె వేసుకోవాలి. రెండో రకం ఆట. తెరమీద బొమ్మ కనబడగానే మీట నొక్కాలి. 'ఆగు' అనే సంకేతం వస్తే నొక్కకూడదు.

ఏ పరీక్షనైనా రెండు ప్రశ్నలు అడగాలని మాకు బి.ఇడి.లో నేర్పారు. మళ్ళీ కొలిస్తే అదే ఫలితం వస్తుందా? ఇది విశ్వసనీయత. కొలవదలచినదాన్నే కొలుస్తోందా? ఇది సప్రమాణత. ఒకే బెల్లం అచ్చు నిన్న కిలో, ఇవాళ ముప్పావు కిలో తూగితే ఆ తక్కెడను నమ్ముతారా?

2018లో ప్రచురితమైన ఒక పరిశోధనలో క్రెయిగ్ హెడ్జ్ బృందం ఇలాంటి ఆటలను అవే మనుషులచేత మూడు వారాల తేడాతో రెండుసార్లు ఆడించింది. చాలా ఆటల్లో విశ్వసనీయత తక్కువగా తేలింది. కారణం ఆసక్తికరమైనది. ప్రయోగశాలకు అందరిలోనూ ఒకేలా ఫలితమిచ్చే ఆట కావాలి. డాక్టరుకు మనిషికీ మనిషికీ ఉన్న తేడా చెప్పే ఆట కావాలి. మొదటి పనికి మేలైనది రెండో పనికి కొరగాకపోవచ్చు! పైగా ప్రశ్నావళి మార్కులకూ ఆట మార్కులకూ పొంతన చాలా తక్కువ.

అయితే ఈ పరీక్షలు పారేయాల్సినవా? కాదు. గుంపులను పోల్చే పరిశోధనకు ఉపయోగపడతాయి. కాని ఒక్క మార్కు చూసి ఒక పిల్లవాడికి జబ్బు పేరు అంటగట్టడం తప్పని నా అభిప్రాయం. ఏడీహెచ్‌డీ అని నిర్ణయించడానికి అమెరికా మనోవైద్యుల నియమాలు ఏమంటున్నాయో చూడండి: లక్షణాలు కనీసం 6 నెలలు ఉండాలి, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనబడాలి. అంటే తల్లిదండ్రులనూ, ఉపాధ్యాయులనూ అడిగి తెలుసుకోవాలి.

ఆ కుర్రవాడి గురించి నేను చూసింది రోజుకు ఒక్క పీరియడు. ఇంట్లో ఎలా ఉంటాడో అడగనే లేదు. ఆలోచించండి, తొందరపడింది వాడా, నేనా?