బోరుకొచ్చిన ఇంజినుకు ఇంటి వైద్యం.. ఎంతవరకు?

పాత డీజిల్ కార్ల మరమ్మతులో ఖర్చు ఒకరిది, కాలువ అందరిది

అమలాపురం: ఉదయం పూట పదిసార్లు సెల్ఫు కొడితేగానీ ఇంజిను అందుకోదు. అందుకున్నాక వీధంతా పొగ. పోసిన ఆయిలు నెల తిరగకుండానే తరిగిపోతుంది. మేస్త్రీ బానెట్ ఎత్తి ఒక్క మాటలో తేల్చేస్తారు.. ‘ఇంజిను బోరుకొచ్చింది’. పాత డీజిల్ కారు ఉన్న ఇంట ఏదో ఒక రోజు వినక తప్పని మాట ఇది. అక్కడి నుంచి యజమాని ముందు మూడు దారులు ఉంటాయి. కారును తుక్కుకు ఇచ్చేయడం, షెడ్డుకు పూర్తిగా అప్పగించడం, పనిలో కొంత భాగాన్ని ఇంటి వద్దే చేసుకోవడం. ఖర్చు తగ్గుతుందన్న ఆశతో మూడో దారి పట్టేవారు ఇంట్లో ఏ పని చేయవచ్చు, ఏది చేయకూడదు, కడిగిన మురికి ఎక్కడికి పోవాలి అన్నవి ముందే తేల్చుకోవాలి. లేకుంటే ఆదా అయిన సొమ్ముకు మించిన నష్టం తప్పదు.

కొత్తవి లేవు.. పాతవే దిక్కు

డీజిల్ అంబాసిడర్ ఒకప్పుడు పెళ్లిళ్లకు, ఆసుపత్రి ప్రయాణాలకు పెద్ద దిక్కు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారలో దాని తయారీ 2014 మేలో నిలిచిపోయింది. 1998లో వచ్చిన టాటా ఇండికా డీజిల్ టాక్సీ డ్రైవర్లకు జీవనాధారమైంది. దాని తయారీ 2018లో ఆగింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి రాగా, మారుతి సుజుకి డీజిల్ కార్ల నుంచే తప్పుకొంది. ఫలితంగా చిన్న డీజిల్ కారు కావాలనుకునే సామాన్యుడికి పాత బండిని బాగు చేయించుకోవడమే మిగిలింది. రాజోలు, కొత్తపేట పరిసరాల్లో కారు మీద కిరాయిలతో బతికే కుటుంబానికి ఇంజిను మూలపడితే ఆదాయమే మూలపడినట్లు.

ముందు లెక్క చూసుకోవాలి

సొంత కారుకు తొలి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపై తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఈ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి రూ.600 నుంచి రూ.5 వేలకు పెంచారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో రూ.10 వేలు చేశారు. ఫిట్‌నెస్ పరీక్ష రుసుములు వీటికి అదనం. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలపై ఆంక్షలు దిల్లీ, దాని పరిసర ప్రాంతానికి సంబంధించినవే తప్ప మన జిల్లాకు వర్తించవు. అలాగని ఇంజిను బాగుపడితే చాలదు. ఛాసిస్ తుప్పు పట్టి ఉంటే ఫిట్‌నెస్ దక్కదు. ఉప్పు గాలి సోకే అంతర్వేది, సఖినేటిపల్లి వంటి తీర గ్రామాల వారు ఇంజిను విప్పే ముందే బండి అడుగు భాగాన్ని చూపించుకోవాలి. ఇంజిను బ్లాకునే మార్చి మరొకటి బిగిస్తే దాని నంబరును ఆర్సీలో నమోదు చేయించడం తప్పనిసరి.

కడగడం ఇంట్లో.. కొలవడం షెడ్డులో

డీజిల్ ఇంజినుకు స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా నొక్కినప్పుడు పుట్టే వేడికే ఇంధనం మండుతుంది. రింగులు, సిలిండరు గోడలు అరిగితే ఆ ఒత్తిడి నిలవదు. అందుకే స్టార్టింగు కష్టమవుతుంది, ఆయిలు పైకెక్కి నీలిరంగు పొగ వస్తుంది. పొగ నల్లగా వస్తుంటే మాత్రం తొందరపడి ఇంజిను విప్పనక్కరలేదు. ఎయిర్ ఫిల్టరు, నాజిళ్లు, పంపు సరిచూస్తే చాలావరకు తేలిపోతుంది. అసలు విప్పాలా వద్దా అన్నది కంప్రెషన్ గేజితో పరీక్షించాకే నిర్ణయించుకోవాలి.

ఓపిక ఉన్నవారు ఇంట్లో చేయగలిగింది చాలానే ఉంది. పైభాగాలు విప్పడం, బోల్టులను వరుసగా గుర్తులు పెట్టి డబ్బాల్లో సర్దడం, హెడ్డు మీది మసిని, ఆయిలు చాంబరులోని మడ్డిని తీయడం, నీటి దారులను శుభ్రపరచడం వంటివి. బేరింగు క్యాపులు, పిస్టన్లు ఏ సిలిండరువి ఆ సిలిండరుకే తిరిగి వెళ్లాలి. కడిగిన భాగాలకు వెంటనే ఆయిలు రాసి చుట్టి ఉంచకపోతే మన తేమ గాలికి ఒక్క రాత్రిలోనే తుప్పు పొర కనిపిస్తుంది. కడగడానికి పెట్రోలు వాడరాదు. ఒక్క నిప్పురవ్వ చాలు. క్వింటాలుకు పైగా బరువుండే ఇంజినును కొబ్బరి చెట్ల మధ్య దూలం కట్టి ఎత్తడం ప్రాణాలతో చెలగాటమే. చైన్ కప్పీకి తగిన స్టాండు అద్దెకు తెచ్చుకోవడం మేలు.

అసలు పని కొలతల్లో ఉంది. క్రాంకుకు, బేరింగుకు మధ్య ఖాళీ మిల్లీమీటరులో వందో వంతుల లెక్కన ఉంటుంది. కంటిచూపుతో, చేతి అంచనాతో అది తేలదు. సిలిండరు బోరింగు, క్రాంకు గ్రైండింగు, హెడ్డు సమతలం చేయడం లేతు షెడ్డు పని. పంపు, నాజిళ్ల క్యాలిబ్రేషన్‌కు ప్రత్యేక యంత్రం కావాలి. నాజిల్ నుంచి చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. దానిని చేతితో పరీక్షించడం ఎంతమాత్రం తగదు. తిరిగి బిగించేటప్పుడు హెడ్డు బోల్టులను మధ్య నుంచి అంచులకు, దఫదఫాలుగా, టార్క్ రెంచితోనే బిగించాలి. ఇండికా వంటి బెల్టు ఇంజిన్లలో టైమింగు ఒక్క పన్ను తప్పినా చిక్కే. మరీ తప్పితే వాల్వులు పిస్టన్లకు తగిలి చేసిన ఖర్చంతా మొదటికొస్తుంది.

వరద తాకితే సెల్ఫు కొట్టొద్దు

2022 జులై గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. వరదలో మునిగిన డీజిల్ కారును ఎండగానే స్టార్ట్ చేయడం చాలామంది చేసే తప్పు. గాలిలా నీరు నొక్కుకుపోదు. సిలిండరులో నీరుండగా సెల్ఫు కొడితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. బ్యాటరీ తీసేసి, నాజిళ్లు విప్పించి నీటిని బయటకు పంపాలి. గేజిలో ఆయిలు పాలలా తెల్లబారి ఉంటే దాన్ని పూర్తిగా తీయించాకే ముందుకెళ్లాలి. ఆ పాటి జాగ్రత్తతో దక్కే ఇంజిను ఒక్క తొందరపాటుతో బోరింగు షెడ్డుకు చేరుతుంది.

నల్లనూనె ఎక్కడికి?

అందరూ దాటవేసే ప్రశ్న ఇదే. ఒక్క ఇంజిను విప్పితే లీటర్ల కొద్దీ నల్లనూనె, దానితో పాటు కడిగిన డీజిల్ మడ్డి మిగులుతాయి. పెరటి గుంతలోనో, బోదెలోనో పోస్తే కళ్ల ముందు నుంచి పోతుంది గానీ ఊరి నుంచి పోదు. కోనసీమలో బోదె కాలువకు, కాలువ చేనుకు, చెరువుకు కలిసే ఉంటాయి. వేసవిలో కాలువలు కట్టివేసే ముందు మంచినీటి చెరువులను నింపేది ఆ నీటితోనే. వాడిన నూనెలో అరిగిన లోహపు పొడి, మసి, హానికర రసాయనాలు ఉంటాయి. చెదల కోసం దూలాలకు పూయడం, పొయ్యిలో మండించడం కూడా సరికాదు.

2016 నాటి నిబంధనల ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం. అనుమతి పొందిన శుద్ధి కేంద్రాలకే చేరాలి. 2024 ఏప్రిల్ నుంచి నూనె తయారీదారులపైనా తిరిగి సేకరించే బాధ్యత పెట్టారు. అయితే డబ్బాలో నాలుగు లీటర్లు పట్టుకున్న ఇంటి యజమానికి ఆ గొలుసులో మొదటి మెట్టు కనిపించాలి. అమలాపురం పురపాలక సంఘం, మండల కేంద్రాల్లోని పెట్రోలు బంకులు, పెద్ద షెడ్లు కలిసి ఒక్కో పీపా ఏర్పాటు చేస్తే చాలు. అప్పటి వరకు నూనెను నీటితో, డీజిల్‌తో కలపకుండా మూత ఉన్న డబ్బాలో భద్రపరచి, శుద్ధి కేంద్రాలకు పంపే షెడ్డును విచారించి అందులో ఇవ్వడం ఉత్తమం. నేల మీద ఒలికిన దానిని పీల్చేందుకు ఇక్కడ కొరత లేని కొబ్బరి పొట్టు బాగా పనికొస్తుంది. ఆ పొట్టును కూడా తిరిగి చేలో చల్లకూడదు.

పాత ఇంజినుకు ప్రాణం పోయడం తప్పు కాదు, పొదుపే. కడగడం యజమాని వంతు, కొలవడం మేస్త్రీ వంతు, నల్లనూనె సేకరణకు దారి చూపడం యంత్రాంగం వంతు. ఎవరి వంతు వారు చేస్తే బండీ నడుస్తుంది, కాలువ నీరూ తాగేందుకు మిగులుతుంది.