మంచులో చదువు



సైన్స్ అంటే గైడు బట్టీ పట్టడమేనా? నార్వేకు ఉత్తరాన, ధ్రువానికి దగ్గరగా స్వాల్‌బార్డ్ దీవులున్నాయి. అక్కడ 1993లో మొదలైన విశ్వవిద్యాలయ కేంద్రంలో విద్యార్థులు ధ్రువప్రాంత జీవశాస్త్రం చదువుతున్నారు. ముందు ధ్రువపు ఎలుగుబంటి నుంచి ప్రాణం కాపాడుకోవడం నేర్చుకుంటారు. తర్వాతే పరిశోధన. చలికాలంలో మంచుకు బదులు వాన పడితే ఆ నీరు నేలమీద గడ్డకట్టి, రెయిన్‌డీర్లకు మేత అందదు. ఇలాంటివి గదిలో కూర్చుంటే తెలియవు. వెళ్లి చూడాలి, లెక్కపెట్టాలి, రాసుకోవాలి.

2008లో మన దేశం కూడా అక్కడ 'హిమాద్రి' పరిశోధనా కేంద్రం తెరిచింది. మన హాస్టల్ విద్యార్థి అక్కడికి ఎందుకు వెళ్లకూడదు? పశువులు కాస్తూ వాననూ గడ్డినీ గమనించిన కళ్లు మనవే కదా! మొదలుపెట్టడానికి ఒక నోటుబుక్కు చాలు. ఉపాధ్యాయులు నెలకొక్కరోజైనా మమ్మల్ని చెరువుగట్టుకు తీసుకెళ్లాలి. అక్కడ పుట్టే ప్రశ్నలే మమ్మల్ని ధ్రువం దాకా నడిపిస్తాయి.