ఎల్లలు దాటి వచ్చు ఆటసామాను

దూరపు కొండలు నునుపని మన పెద్దలు చెప్పిరి. ఆ కొండలు నేడు మన యరచేతిలోనికే వచ్చినవి. షా అలీ బండలోనో, లాల్‌దర్వాజా సందులోనో కూర్చుండి సెల్‌ఫోను అద్దముపై వ్రేలు కదల్చినచో ఇంగ్లండు బ్యాటు కనబడును, జపాను రాకెట్టు కనబడును. దాని క్రిందనే వెల కనబడును. ఆ వెల కోఠీ అంగడివాడు చెప్పు వెలకన్న తక్కువ యని తోచును. ఈ తోచుటయే అనర్థములకెల్ల మూలము. అద్దముపై కనబడునది అమ్మువాని వెల. కొనువాని వెల గాదు. ఈ రెంటికిని గల అంతర మెంత? ఆ యంతరమును భరించుచున్న వారెవరు? ఈ విషయమునే నేడు మా పాఠకులకు విన్నవింపదలచితిమి.

ఇటీవల గౌలిపురా నివాసియగు గృహస్థుడొకడు తన కుమారుని వెంటబెట్టుకొని మా కచ్చేరికి వచ్చెను. ఆయన కుట్టుపని చేసి సంసారము నడుపుకొనువాడు. బాలునికి పదునాఱేండ్లు. క్రికెట్టున నేర్పరియని ఆ వాడలో పేరు గన్నవాడు. జట్టునకు ఎంపిక పందెములు మూడు వారములలో జరుగనుండగా, మంచి బ్యాటు లేనిదే లాభము లేదని యెవ్వరో వానికి బోధించిరి. తండ్రి చీటీ పాడి సొమ్ము తెచ్చెను. విదేశపు దుకాణమునకు బ్యాటు నిమిత్తము 20,000 రూపాయలును, రవాణా నిమిత్తము 3,000 రూపాయలును ముందుగనే చెల్లించిరి. సామాను దేశములోనికి వచ్చి సుంకపు కచ్చేరిలో నిలిచిపోయెను. గుర్తింపు పత్రములు పంపుమనిరి, పంపిరి. స్పష్టముగా లేవనిరి, మరల పంపిరి. పిదప సుంకము క్రింద ఆఱు వేలకు పైగా కట్టుమనియు, తమ రుసుము వేరనియు కొరియరు కంపెనీవారు వ్రాసిరి. ఆ కాగితములను మా బల్లపై నుంచి తండ్రి అడిగిన ప్రశ్న యిది: "వకీలు సాబ్, బ్యాటు పైసలు కట్టినం. తెచ్చెటోళ్ల పైసలు కట్టినం. మల్ల గీ పైసలు దేనికి?"

చట్టప్రకారము దీనికి సమాధానము సులభమే. మేము చెప్పితిమి; ఆయన కట్టెను. కాని బ్యాటు ఇల్లు చేరునప్పటికి ఎంపిక పందెములు ముగిసి అయిదు దినములైనది. బాలుడు స్నేహితుని బ్యాటు ఎరువు తెచ్చుకొని ఆడెను, ఎంపిక కాలేదు. బ్యాటు రాకపోవుటచేతనే ఓడెనని మేము చెప్పజాలము. వచ్చిన బ్యాటు మాత్రము వాని యెత్తునకు మించినది, వాని మణికట్టునకు మించిన బరువు గలది. పెట్టె నటు నిటు త్రిప్పి చూడగా ఒక మూల చిన్న యక్షరములతో "ఇండియాలో తయారైనది" యని యుండెను!

సుంకమను మాట ఈ నగరమునకు క్రొత్త గాదు. నిజాము రాజ్యమునకు ప్రత్యేక సుంకపు శాఖ యుండెడిది. దానిని కరోడ్‌గిరి యనెడివారు. 1802 నాటి వాణిజ్యపు ఒడంబడిక మొదలు, బ్రిటిషు ఇండియానుండి వచ్చు సరకునకు నూటికి అయిదు చొప్పున వసూలు చేయుచుండిరి. నాకావద్ద మూటలు విప్పించుకొని, గంటలకొలది నిలువబడి, వెలకట్టువాని ముఖము చూచుచుండిన ప్రయాణికుల కథలు మన యిండ్లలోని వృద్ధులు చెప్పగా వినియున్నాము. 1948లో సంస్థానము భారతదేశమున కలిసిన పిదప ఆ నాకాలు క్రమముగా అంతరించినవి. నాకా పోయినను మన తాతల కొక్క వివేక ముండెను. సరకు వెల యడుగునపుడే "నాకా దాటిన వెల యెంత?" యని యడిగెడివారు. ఆ వివేకము మనలను విడిచిపోయినది.

లెక్క కూడి చూతము. ఆటసామానులపై మూలసుంకమును 2018 సంవత్సరపు బడ్జెటులో నూటికి 10 నుండి 20కి పెంచిరి. ఆ సుంకముపై పదవవంతు సాంఘిక సంక్షేమపు సర్‌ఛార్జి కలదు. ఈ రెంటిని కలిపిన మొత్తముపై జి.ఎస్.టి. పడును. అది ఆటసామానులపై నూటికి 12గా నుండి, 2025 సెప్టెంబరు 22 మొదలు 5 అయినది. ఇచట మన యువకు లెరుగని సంగతి యొకటి కలదు. సుంకము వస్తువు వెలపై మాత్రమే గాక రవాణా వ్యయముపైని, భీమాపైని గూడ పడును. కావున గౌలిపురా బ్యాటునకు లెక్క 20,000పై గాదు, 23,000పై. మూలసుంకము 4,600, సర్‌ఛార్జి 460, జి.ఎస్.టి. 1,403. వెరసి 6,463 రూపాయలు. ఇరువది వేల బ్యాటు 29,463 రూపాయల బ్యాటైనది. దీనికి కొరియరు కంపెనీ రుసుమును, విదేశ ద్రవ్యమును మార్చినందుకు బ్యాంకు పట్టుకొను సొమ్మును చేర్చుడు. వస్తువును ఏ తరగతిలో చేర్చిరో దానినిబట్టి రేటు మారును. బూట్ల రేటు వేరు, వ్యాయామ యంత్రముల రేటు వేరు. ఇదంతయు అద్దముపై కనబడునా? కనబడదు.

కొందఱు తెలివిగలవారు దీనికొక ఉపాయము చెప్పుదురు. "పెట్టెపై బహుమానమని వ్రాయింపుము, లేదా వెల తగ్గించి వ్రాయింపుము" అందురు. అయ్యా, ఇది ఉపాయము గాదు, అపాయము. బహుమానమను పేర తపాలా, కొరియరుల ద్వారా సరకు తెప్పించుకొను దారిని 2019 డిసెంబరులోనే కేంద్రప్రభుత్వము మూసినది. రాఖీలకును, ప్రాణరక్షక ఔషధములకును మాత్రమే మినహాయింపు. తక్కిన వానికి పూర్తి సుంకము కట్టవలసినదే. వెల తప్పుగా చూపిన సరకును 1962 నాటి సుంకముల చట్టము క్రింద జప్తు చేయవచ్చును, జరిమానా వేయవచ్చును. అబద్ధము వ్రాసినవాడు సముద్రమునకు ఆవల సుఖముగా నుండును; నోటీసు వచ్చునది మన గుమ్మమునకే.

సరిపోని వస్తువును తిరిగి పంపరాదా యని మీరడుగవచ్చును. పంపవచ్చును, రవాణా ఖర్చు మనదే. దిగుమతియైన వస్తువును మరల ఎగుమతి చేసినచో కట్టిన సుంకములో నూటికి 98 వరకు తిరిగి పొందుటకు అదే చట్టపు 74వ సెక్షను వీలు కల్పించుచున్నది. కాని దానికి కావలసిన పత్రములు, పరీక్షలు, గడువులు పెద్ద వర్తకునకు సాధ్యములు. ఒక్క బ్యాటు కొనిన దర్జీకి ఇరువదేండ్ల వకాలతు చేసిన మేమే ఆ దారి త్రొక్కుమని చెప్పలేకపోతిమి. వినియోగదారుల చట్టము మాటయో? 2020 నాటి ఇ-కామర్సు నియమములు మన దేశమున ఆఫీసు లేకయే మనకు క్రమముగా అమ్మకములు జరుపు విదేశ సంస్థలకును వర్తించును. 48 గంటలలో ఫిర్యాదు అందినదని తెలుపవలెను. ఒక మాసములో తీర్పవలెను. శాసనము దివ్యముగా నున్నది! కాని ఈ దేశమున గజము నేలగాని, గవ్వ సొత్తుగాని లేని వానిపై డిక్రీ పొంది దేనిని జప్తు చేయింతుము? గాలిలో మూట గట్టినట్లే.

ఇక పెట్టెపై నున్న చిన్న యక్షరముల సంగతి. 1947కు పూర్వము ఈ దేశమునకు ఆటసామాను చేసి పెట్టిన పట్టణము పంజాబులోని సియాల్‌కోట. విభజన నాడు ఆ యూరి పనివారలలో అనేకులు కట్టుబట్టలతో ఇవతలికి వచ్చి జలంధరములోను, మీరటులోను మరల కొలిమి రాజేసిరి. 1931లో సియాల్‌కోటలో పుట్టి, దేశవిభజన పిదప మీరటు చేరిన ఎస్.జి. కంపెనీవారి బంతితోనే నేడు భారతదేశమున టెస్టు పందెములు జరుగుచున్నవి. ఇంగ్లండు విల్లో దుంగను తెప్పించి, చెక్కి, నొక్కి, పిడి బిగించి బ్యాటు చేయు పనితన మీ రెండు పట్టణములలో నున్నది. విదేశపు పేర్లతో అమ్ముడగు బ్యాట్లలో ననేకము ఈ చేతులు చెక్కినవే. మన కొడుకును మన మెరుగక, పొరుగువాడు చొక్కా తొడిగి పంపగా దొరబిడ్డ యని యెదురేగినట్లున్నది మన వ్యవహారము! చెక్కినవానికి దక్కినది కూలి. పేరు అంటించినవానికి దక్కినది లాభము. గౌలిపురా దర్జీకి దక్కినది చీటీ బాకీ.

అవతలి సియాల్‌కోట సరకు మాటయు చెప్పవలెను. 2019 ఫిబ్రవరిలో పాకిస్తాను సరకుపై సుంకమును నూటికి 200 చేసిరి. 2025 మే 2వ తేదీ మొదలు ఆ దేశపు సరకును నేరుగా గాని, మరొక దేశము మీదుగా గాని దిగుమతి చేయుట నిషిద్ధము. మన పాతనగరమున గల్ఫు బంధువులు లేని వాడ లేదు. దుబాయి దుకాణమున సొంపుగా కనబడెనని ఆ బంతులను తెప్పింపబోవు యువకులు ఈ సంగతి నెరుగవలెను. చౌకగా వచ్చిన బంతి నేరముగా పరిణమించును.

మమ్ము కొందఱు ఆక్షేపింతురు: "మీ స్వదేశి వ్రతము ఆటగాని కాళ్లకు సంకెల యగును. మంచి సామాను లేక మంచి ఆట యెక్కడిది?" ఈ యాక్షేపణలో నిజము కలదు, దానిని మేము దాచము. ఈ నగరము కన్న మహాశిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీము గారి కాలమునే చూడుడు. 1952 హెల్సింకి ఒలింపిక్సులో ఆ చలిలో మన ఫుట్‌బాలు వీరులు పలువురు వట్టికాళ్లతో ఆడిరి. యుగోస్లావియా చేతిలో 10–1 గోలుల తేడాతో ఓడిరి. ఆ పిమ్మటనే బూట్లు తప్పనిసరి యైనవి. 1956లో మెల్‌బోర్నున నాల్గవ స్థానము, 1962లో జకార్తాన ఆసియా స్వర్ణము మనకు లభించినవి. సామాను విలాసము గాదు, అవసరమే. కాని రహీము గారు తమ శిష్యులకు నేర్పినది విదేశపు ముద్రను గాదు, ఆటను. కాలికి బూటు కావలెను. బూటుపై నున్న పేరు గోలు కొట్టదు.

మఱియు మేము సర్వమును బహిష్కరింపుమని చెప్పువారము గాము. ఇచట దొరకని వస్తువును, సరియైన లెక్కతో, కన్నులు తెరచి తెప్పించుకొనుట తప్పు గాదు. బ్యాడ్మింటనులో సైనా, సింధులు ఒలింపిక్ పతకములు తెచ్చి ఈ నగరపు పేరు లోకమునకు చాటిరి. ఆ యాటకు కావలసిన ఈకబంతులకై మనము చీనా వైపు చూచుచునే యున్నాము. బెంగాలులోని ఉలుబేరియా పరిసరములలో తరతరములుగా ఈకబంతులు కట్టు కుటుంబములు కలవు. వారికి మంచి ఈక, మంచి యంత్రము, నికరమైన గిరాకి కల్పించినవారెవ్వరు? ఇచట మేము ప్రభుత్వమును నిందింపక తప్పదు. స్వదేశి పరిశ్రమ పేరట సుంకము పెంచిరి. పెంచిన సుంకపు నీడలో పరిశ్రమ గుణము పెరిగెనా యని విచారించినవారు లేరు. సుంకము గోడ వంటిది. గోడ వెనుక చెట్టు నాటక, గోడను మాత్రమే చూపి తోటయన్నచో నమ్ముటెట్లు?

మన వర్తకులును నిర్దోషులు గారు. కాశ్మీరపు విల్లోను ఇంగ్లండు విల్లో యని యంటగట్టువారు, వెల కాగితముపై వెల గీకివేయువారు, రసీదు అడిగిన బాలుని కసరుకొనువారు మన బజారులలోనే కలరు. వారిచేత మోసపోయినవాడే అద్దములోని దూరపు అంగడికి శరణు జొచ్చుచున్నాడు. స్వదేశి యనుట మోసమునకు ముసుగు గాకూడదు. మనవాని సరకు కొనుమని ప్రజలకు చెప్పుటకు ముందు, కొనదగిన సరకు పెట్టుమని మనవానికి చెప్పవలెను.

ఏమి చేయవలెను? మొదటిది: ఏ వస్తువునైనను తెప్పించుటకు పూర్వము, సుంకముతో, రవాణాతో, రుసుముతో ఇల్లు చేరు వెలను కాగితముపై వ్రాసికొని, ఇచటి వెలతో పోల్చవలెను. రెండవది: బ్యాటును చేతబట్టి, ఎత్తి, బరువు చూచియే కొనవలెను. తాళ్ల బిగువు, బూటు కొలత బొమ్మలో తెలియవు. మూడవది: ప్రతి వాడలోని వ్యాయామశాలయు, పఠన మందిరమును పదిమంది చందాతో సామాను కొని పదిమంది బాలుర కందీయవలెను. ఒక్కని చీటీ బాకీతో తెచ్చిన బ్యాటుకన్న పదిమంది చందాతో వచ్చిన బ్యాటు మేలు. నాల్గవది: సర్కారు బడులలో ఆడు బాలురకు, బాలికలకు మేలైన సామానును ప్రభుత్వమే సమకూర్పవలెను. ఆటసామానుపై వసూలగు సుంకములో కొంత ఆ బిడ్డల మైదానమునకే తిరిగి రావలెను. ఐదవది: మన పట్టణమున వినియోగదారుల కమిషనునందు చిన్నవారి పక్షమున వాదించుటకు వకీళ్లు ముందునకు రావలెను. మేము సిద్ధముగా నున్నాము.

గౌలిపురా బాలుడు మొన్న మరల మా గుమ్మమునకు వచ్చెను. బ్యాటును పెద్దవాడొకనికి సగము వెలకు అమ్మి, చీటీ బాకీలో కొంత తీర్చితినని చెప్పెను. తక్కిన బాకీ తండ్రి యింకను కట్టుచునే యున్నాడు. వచ్చు ఎంపికలకు ఏ బ్యాటుతో ఆడెదవని మే మడుగగా, కోఠీలో చేతబట్టి చూచి కొన్న మీరటు బ్యాటుతో నని నవ్వెను. ఆ బాలుడు మూల్యము చెల్లించి నేర్చిన పాఠమును మన యువకులు చెల్లింపకయే నేర్చెదరుగాక!