పోలీసంటే బూచోడా?

రాత్రి ఏడున్నర. తిరుపతిలో ఓ మామూలు ఇల్లు. అమ్మ చేతిలో పప్పన్నం గిన్నె. ఎదురుగా మూతి బిగించుకున్న మూడేళ్ల బుడతడు. చందమామను పిలిచినా లాభం లేకపోయింది. కాకమ్మ కథా పనిచేయలేదు. ఇక మిగిలింది ఒకే ఒక్క అస్త్రం.

'తింటావా... పోలీసోడికి పట్టించేదా?'

అంతే, నోరు తెరుచుకుంది. ముద్ద లోపలికి పోయింది. దాంతోపాటు భయం కూడా!

నిజానికి ఆ తల్లికి పోలీసుల మీద పగేమీ లేదు. గిన్నె ఖాళీ అయితే చాలు. ఆ సంగతి పిల్లాడికి తెలియదు కదా! ఖాకీ కనిపిస్తే దాక్కోవాలన్నది వాడు నేర్చుకున్న తొలి పాఠం.

ఇప్పుడు అదే బుడతణ్ని తిరుమలలో ఊహించుకోండి. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి, గరుడసేవ. మాడవీధుల్లో ఇసుకేస్తే రాలనంత జనం. గోవింద నామాల హోరులో అమ్మ చెయ్యి జారిపోయింది. ఇలాంటి రద్దీలో పిల్లలు తప్పిపోతారనే ఇటీవలి ఏళ్లలో పోలీసులు వాళ్ల చేతికి వివరాలు రాసిన ట్యాగులు కడుతున్నారు. ఆ ట్యాగు చూసి అమ్మకు కబురు చేయగలిగిన మనిషి నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. కానీ ఆయన ఒంటిమీద ఖాకీ ఉంది. పిల్లాడు ఆయన్ను చూసి జడుసుకుని జనంలోకి పరుగు తీస్తే? ముద్ద కోసం ఆడిన అబద్ధం ఎంత ఖరీదైనదో ఆ క్షణంలో తెలుస్తుంది.

ద్వేషం ఎవరికీ పుట్టుకతో రాదు. పాలు తోడుకున్నట్టు మెల్లగా గడ్డకడుతుంది. చిన్నప్పటి భయం పాలైతే పెద్దవాళ్ల మాటలే తోడు. చలానా రాశారని నాన్న ఇంటికొచ్చి తిడతాడు. హెల్మెట్ పెట్టుకోలేదన్న మాట మాత్రం మింగేస్తాడు. సినిమాలో ఎస్సై లంచం తింటాడు. పదిహేనేళ్లు వచ్చేసరికి ఒక్క పోలీసుతోనూ మాట్లాడకుండానే పోలీసులంటే కసి పెరిగిపోతుంది.

అయితే అదంతా ఉత్త అపోహేనా అంటే... కాదు. కంచే చేను మేసిన కథలు ఈ నేలకు కొత్త కాదు. తిరుపతి గంగజాతర వెనక ఉన్నది అలాంటి కథే. కాపాడాల్సిన పాలెగాడే ఆడపిల్లలను చెరబట్టాడనీ, గంగమ్మ రోజుకో వేషం కట్టి గాలించి, చివరికి వాడి తల నరికిందనీ చెబుతారు. అధికారం దారితప్పితే ఊరు మర్చిపోదు. ఏటా వేషం కట్టి మరీ గుర్తుచేసుకుంటుంది.

ద్వేషాన్ని పోలీసులకూ నేర్పిన రోజులున్నాయి. బ్రిటిషు ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలవాళ్ల వంటి వారిపై పుట్టుకతోనే దొంగలన్న ముద్ర పడింది. పోలీసుల దగ్గర పేరు నమోదు, హాజరు... తప్పు చేసినా చేయకపోయినా! స్వాతంత్య్రం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. కులం చూసి దొంగ అనుకోవడం, ఖాకీ చూసి రాక్షసుడు అనుకోవడం... రెంటిలోనూ కనిపించకుండా పోయేది మనిషే. అలాగని రెండూ సమానం కావు. ఖాకీని ఇంటికెళ్లి విప్పేయొచ్చు. పుట్టుకను విప్పలేరు. అందుకే లాఠీ ఉన్నవారి మీదే బాధ్యత ఎక్కువ.

2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు 20 మంది తమిళ కూలీలు చనిపోయారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామన్నారు పోలీసులు. బూటకపు ఎన్‌కౌంటర్ అన్నాయి హక్కుల సంఘాలు. అలాంటప్పుడు ప్రశ్నించడం ద్వేషం కాదు, పౌరధర్మం. అంతకు ఏడాదిన్నర ముందు, 2013 అక్టోబరులో ఇదే జిల్లా పుత్తూరులో ఓ ఇంట్లో దాక్కున్న నిందితులను పట్టుకోబోయి తమిళనాడు ఇన్‌స్పెక్టరు ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. గంటల తరబడి ఉత్కంఠ తర్వాత ఆ ఇంట్లోని మహిళ, పిల్లలు ప్రాణాలతో బయటికొచ్చారు. ఈ రెండూ మన కళ్లముందు జరిగినవే. ఒకటి చెప్పి రెండోది దాచితే పిల్లలకు అందేది సగం నిజమే.

మరి ఇంట్లో ఏం చేయాలి? మొదట ఆ బెదిరింపు మానేయాలి. 'తప్పిపోతే పోలీసు మామ దగ్గరికి పో, నీ పేరు, నాన్న ఫోన్ నంబరు చెప్పు' అని నేర్పాలి. 112, 1098 నంబర్లు ఎందుకో చెప్పాలి. అక్టోబరు 21న పోలీసు అమరుల దినం. 1959లో లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో 10 మంది పోలీసులు నేలకొరిగిన రోజది. ఆ కథా చెప్పొచ్చు. కాస్త పెద్దయ్యాక, అరెస్టు చేసినవారిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలన్న రాజ్యాంగ నియమాన్నీ చెప్పాలి. గౌరవమంటే కళ్లు మూసుకోవడం కాదని అప్పుడు అర్థమవుతుంది.

స్టేషన్లోనూ ఓ పాఠం మారాలి. ఫిర్యాదు పట్టుకొచ్చిన ముసలాయన్ను 'ఏందిరా' అనకుండా 'ఏం పెద్దాయనా, కూర్చో' అంటే చాలు. ఆ ఒక్క మాట ఆయనతోపాటు ఊరికి వెళుతుంది. మనవడికీ చేరుతుంది.

ఈ రాత్రి మళ్లీ అన్నం పేచీ తప్పదు. తినకపోతే పోనివ్వండి... ఆకలేస్తే వాడే అడుగుతాడు. ముద్దలో మాత్రం పోలీసును కలపొద్దు!