రౌటరు మరల లేచునా?

సౌదీ అరేబియాలో 1999లో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. నేడు రియాద్, జిద్దా, దమ్మామ్ నగరాలలో నెట్‌వర్కులను కాపాడేవారిలో మన తెలుగువారూ ఉన్నారు. వారికి, ఆ వృత్తిలో అడుగిడనున్న మన పిల్లలకు ఒక విన్నపం.

సిస్కో రౌటరుకు కరెంటు రాగానే రోమ్‌లోని చిన్న ప్రోగ్రాము మేలుకొని కాన్ఫిగరేషన్ రిజిస్టరును చూస్తుంది. చాలా రౌటర్లలో అక్కడ హెక్సాడెసిమల్ పద్ధతిలో 2102 ఉండాలి. అప్పుడది ఫ్లాష్ మెమరీ నుండి ఆపరేటింగ్ సిస్టమును ఎక్కించుకొని, దాచిన అమరికలను చదువుతుంది. పాస్‌వర్డు మరచినపుడు ఆ సంఖ్యను 2142గా మారుస్తారు. అప్పుడు ఆ అమరికలను చదవకనే లేస్తుంది. పని ముగిశాక తిరిగి 2102 చేయడం మరచితే ఆనాడు ఏ లోపమూ కనబడదు. నెలల తరువాత కరెంటు పోయి వచ్చిన రాత్రి, రౌటరు తన చిరునామాలనూ దారులనూ మరచి లేస్తుంది. దానిపై ఆధారపడినది ఆసుపత్రి కావచ్చు. తప్పు చేసినవారు సెలవుపై స్వదేశంలో ఉంటే, నింద రాత్రి డ్యూటీలోని కుర్రవానిపై పడుతుంది.

కనుక 'షో వెర్షన్' ఆదేశమిచ్చి చివరి పంక్తిలోని సంఖ్యను చూడనిదే పని ముగిసినదనరాదు. ఫ్లాష్‌లోని ఫైలు చెడితే మరొక చోటి నుండి తెచ్చుకొనేలా రెండవ బూట్ ఆదేశాన్ని కూడ వ్రాసి ఉంచాలి. నడుస్తున్నంత మాత్రాన యంత్రం మంచిదనలేము. ఆగి మరల లేవగలదే నమ్మదగినదని నా అభిప్రాయం.