మట్టి కాపుకు ఊరివాళ్ల బోర్డు
1930లలో అమెరికా మైదానాల్లో దున్నిన నేల దుమ్మై ఎగిరిపోయాక, 1935లో నేల సంరక్షణ చట్టం వచ్చింది. అంతకంటే గొప్ప పని 1937లో జరిగిందంటాను. స్థానికంగా సంరక్షణ జిల్లాలు ఏర్పడేలా చట్టం చేయమని అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రాష్ట్రాల గవర్నర్లకు నమూనా పంపాడు. ఆ ఆగస్టులోనే నార్త్ కరోలినాలో, నేల సంరక్షణ ఉద్యమానికి ఆద్యుడైన హ్యూ బెన్నెట్ పుట్టిన ప్రాంతంలో, బ్రౌన్ క్రీక్ జిల్లా మొదలైంది. ఇప్పుడు అలాంటివి దాదాపు 3,000. చాలాచోట్ల వాటి బోర్డుల్లో ఉండేది స్థానికులు ఎన్నుకున్న రైతులే. బలవంతమేమీ లేదు. రైతు అడిగితే సిబ్బంది పొలానికొస్తారు. వాననీరు కోసేసిన చోట నిలబడి, ఇక్కడ గడ్డి కాలువ తీద్దాం, అక్కడ వాలుకు అడ్డంగా దున్నండి అంటారు. పశువులు వాగులో దిగి గట్లు తొక్కేస్తుంటే కంచె వేయించి, దూరంగా నీళ్లతొట్టి కట్టిస్తారు. ఖర్చులో కొంత భరించే పథకాలకు దరఖాస్తు కూడా దగ్గరుండి రాయిస్తారు. నేలను కాపాడుకోవాలని రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కొరత డబ్బుకు, సలహాకే. ఆ రెండూ తెలిసిన మనిషి చేతుల మీదుగా అందితే రైతు నమ్ముతాడు. రాజధాని నుంచి వచ్చే సర్క్యులర్‌కు ఆ నమ్మకం దొరకదు. కాబట్టి సంరక్షణ బడ్జెట్‌లో మొదటి రూపాయైనా, మొదటి డాలరైనా పొలం గట్టు మీద నడిచే ఆ సిబ్బంది జీతానికే పోవాలి.