బాదములు కావలెను, ఈగలు వలదు

ఈ వారము కాలిఫోర్నియాలోని మా డబ్లిన్‌లో ఒక గృహసముదాయపు నిర్వాహకులు, ఆవరణలోని చెట్టుకొమ్మకు తేనెటీగల గుంపొకటి కొబ్బరికాయంత ముద్దయై వ్రేలాడుచున్నదనియు, పిల్లలను బయటికి పంపరాదనియు, మందు కొట్టువారిని పిలిపించితిమనియు నివాసులకెల్ల హెచ్చరిక పంపిరి. మన తెలుగువారు వాట్సాప్‌లో "చాలా థాంక్స్ అండీ" అని చేతులు జోడించిరి. మరునాటి ఉదయమున, రాత్రి నానవేసిన బాదం పప్పులకు పొట్టుతీసి, జ్ఞాపకశక్తి పెరుగునని ఆ పిల్లల నోటనే పెట్టియుందురు.

క్రొత్త ఇల్లు వెదకుకొను అట్టి గుంపునకు కాపాడుకొనవలసిన తేనెగాని పిల్లపురుగులుగాని లేకుండుటచే అది కుట్టుట అరుదు. మా అలమీడా కౌంటీలో తేనెటీగలను పెంచువారికి సంఘమే కలదు; కబురంపినచో ఎవరో యొకరు పెట్టె తెచ్చి పట్టుకొనిపోవుదురు. ఆ మాట హెచ్చరికలో లేదు.

580 రహదారిపై ఆల్టమాంట్ కనుమ దాటి, ట్రేసీ మీదుగా మొడెస్టో వైపు పోయినవారికి ఆ బాదం పప్పు పుట్టిల్లు కనబడును. ప్రపంచపు బాదములో ఇంచుమించు 80 శాతము పండించు ఆ కాలిఫోర్నియా మధ్య లోయలో, అధికముగా వేయు నాన్‌పెరీల్ రకము స్వంత పుప్పొడితో కాయదు గనుక, పక్క వరుసలోని వేరు రకపు పుప్పొడిని ఫిబ్రవరి చలిలో ఈగయే మోసుకొని రావలెను. అందులకై ఎకరమునకు 2 పెట్టెల చొప్పున, పెట్టెకు సుమారు 200 డాలర్ల బాడుగకు, ఫ్లోరిడా నుండియు డకోటాల నుండియు వలలు కప్పిన లారీలు దేశములోని పెట్టెలలో సగమునకు పైగా మోసుకొని వచ్చును. 2025 ఆరంభమున లెక్క చూచుకొనగా, వ్యాపారముగా పెంచువారి ఈగలలో సుమారు 60 శాతము నశించియుండెను; ఈగలను పట్టి పీడించు వర్రోవా నల్లి వ్యాపింపజేసిన వైరసులు అందులకు ముఖ్యకారణమనియు, ఆ నల్లి ముఖ్యమైన మందునకు లొంగుట మానినదనియు ప్రభుత్వ శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఈ బాదమును విదేశములలో అందరికంటె అధికముగా కొనునది మన భారతదేశమే. ఇక ఇచ్చటి మనవారు కాస్ట్‌కోలో సంచులకు సంచులే మోయుదురు.

అమెరికావారిని మాత్రమే అననేల? మన రాయలసీమలో పొద్దుతిరుగుడు వేసిన రైతు, పూత వేళ ఉదయమున అరచేతికి పలుచని గుడ్డ చుట్టుకొని పువ్వు పువ్వునూ మెల్లగా రుద్దవలెనని వ్యవసాయశాఖవారు ఏనాటినుండియో చెప్పుచున్నారు. లేనిచో గింజ తాలుపోవును. అనగా ఈగ చేయు పని మనిషి చేయుచున్నాడు. ఈగలు పూలపై తిరుగు ఉదయపు వేళ మందు కొట్టవద్దని కూడ ఆ శాఖవారే చెప్పుదురు గాని, రైతు పురుగు పట్టిన ఆకు తుంచుకొని పరుగెత్తునది వారి కార్యాలయమునకు కాదు, మందుల కొట్టుకు. అచ్చట బల్ల వెనుక కూర్చున్న ఆసామి ఆకు తిప్పి చూచి, అప్పుపై రెండు డబ్బాలు చేతిలో పెట్టి, "రేపు పొద్దున్నే కొట్టెయ్యి" అనును.